పుస్తకంలో లేని కనకరత్నం

మా అత్త పోయింది. మామ ఫోన్ చేసి ఆ మాట చెప్పినప్పుడు నేను ధర్మపురి బస్టాండులో బి. మల్లాపురం బస్సు కోసం నిలబడి ఉన్నాను. ఆదివారం కదా, ఆమెకు నవల చదివి వినిపించడానికే బయలుదేరాను. "పాపా, మీ అత్త లేదు. పొద్దున కాపీ తాగి గోడకు ఆనుకొని కూర్చునింది, అట్లనే పోయింది" అన్నాడు మామ. ఆ వెంటనే, "నువ్వు వస్తా ఉండావు కదా?" అన్నాడు. వస్తున్నాను మామా అన్నాను. బస్సు ఎక్కి, సంచిలోని నవల తీసి ఊరు వచ్చేదాకా ఒళ్ళో పెట్టుకొని కూర్చున్నాను. అబద్ధం ఎందుకు, ఏడుపు కంటే ముందు నాకు కోపమే వచ్చింది. కథ సగంలో లేచి పోయే మనిషి కాదామె.

మా వైపు సంగతి మీకు చెప్పాలి. మేం ఇంట్లో తెలుగు మాట్లాడతాం. గడప దాటితే తమిళం. బడి తమిళం, పేపరు తమిళం, రేషన్ కార్డు తమిళం. తెలుగు అక్షరం చూస్తే మా నాన్న "జాంగ్రీలు చుట్టినట్టు ఉండాది" అనేవాడు. అలాంటి ఊరికి కుప్పం దగ్గర నుంచి కోడలిగా వచ్చింది మా అత్త, మా అమ్మ తమ్ముడి పెళ్ళాం. మా వీధిలో తెలుగు చదవగలిగింది ఆమె ఒక్కతే. ఆమె తమ్ముడు అప్పుడప్పుడూ బస్సు కండక్టరు చేతికిచ్చి నవలలు పంపేవాడు. కొత్తవి, అప్పుడప్పుడే వచ్చినవి. పాతవాటి మీద ఆమెకు మోజు లేదు. "ఇప్పుడు బతికేవాళ్ళ కతలు పంపించరా, పోయినోళ్ళవి మన ఇంట్లోనే శానా ఉండాయి" అని తమ్ముడికి చెప్పేది.

మామ ఇంటి ముందు రేకులు వేసిన పెద్ద పంచ ఉంది. మధ్యాహ్నం భోజనాలయ్యాక వీధిలోని ఆడవాళ్ళు అక్కడ కూర్చొని చింతపండు కొడతారు. పెంకు ఒలిచి, నార లాగి, చిన్న ఇనప కడ్డీతో కొట్టి గింజ తీయడం. మా వైపు ఆడవాళ్ళలో సగం మంది చేతులు ఈ పనితోనే నల్లబడ్డాయి. అత్త మాత్రం ఆ పూట కడ్డీ పట్టేది కాదు, పుస్తకం పట్టేది. అది వాళ్ళలో వాళ్ళు చేసుకున్న ఏర్పాటు. ఆమె భాగం చింతపండు మిగతావాళ్ళు తలా కొంచెం కొట్టిపెట్టేవాళ్ళు. ఆమె చదవాలి. చదవడమంటే పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు కాదు. కోస్తా వాళ్ళ తెలుగు మా వాళ్ళకు సగమే తెలుస్తుంది కాబట్టి, కంటితో ఆ తెలుగు చదివి నోటితో మా తెలుగు చెప్పేది. ఒక్క క్షణం ఆగేది కాదు. పేజీ తిప్పేటప్పుడు కూడా మాట తెగేది కాదు.

ఆ నవలల్లో ఒకదాంట్లో వచ్చింది కనకరత్నం. రోడ్డు పక్క ఇడ్లీకొట్టు నడుపుకునే ఒంటరి ఆడది. కథానాయకుడెవరో, అతని ప్రేమ ఏమైందో ఈ రోజు మా వీధిలో ఎవరినైనా అడగండి, ఒక్కరు చెప్పలేరు. కనకరత్నం గురించి అడగండి, పొద్దుపోయేదాకా చెబుతారు. లారీ హారన్ వినబడితే మాట ఆపేసి, అది దూరం పోయాక మళ్ళీ అదే మాట అందుకునేది. కోపం వస్తే తోమిన గిన్నెలే మళ్ళీ తోమేది. బస్సెక్కితే ఎండ తగిలినా సరే, తన ఊరు కనబడే వైపే కూర్చునేది.

అందరికంటే ఎక్కువగా ఆమెను పట్టుకున్నది మా పెద్దక్క. పెద్దక్క అంటే నాకు అక్క కాదు, ఊరందరికీ పెద్దక్క. ఆమె కొడుకు లారీ డ్రైవరు. ఒకసారి అతను విజయవాడ లోడు ఎక్కించుకొని వెళుతుంటే, పెద్దక్క మంచి చింతపండు ఏరి, ఉప్పు కలిపి ఉండ చేసి, పొట్లం కట్టి ఇచ్చింది. "ఆ రోడ్డులో కనకరత్నం అని ఒకామె ఇడ్లీకొట్టు పెట్టుకోనుండాది. పావం, సాంబారుకు చింతపండు బాగలేదని ఏడస్తా ఉండాదంట. ఇచ్చేసి రా" అని. ఆ కొడుకు పాపం నిజంగానే కనబడిన ప్రతి ఇడ్లీకొట్టు దగ్గరా లారీ ఆపి అడిగాడు. ఒకచోట తన్నులు తినబోయాడట. తిరిగి వస్తూ తొప్పూరు ఘాటు రోడ్డు దగ్గర నుంచి ఫోన్ చేసి, "అమ్మా, ఆ పేరుతో ఎవురూ లేరు, నువ్వు నన్ను మెంటలోడు అనిపించినావు" అని అరిచాడు.

పెద్దక్క నేరుగా అత్త దగ్గరికి వచ్చింది. "ఏమ్మా, ఆ యమ్మ యాడికి పోయింది?" అని నిలదీసింది. మేమంతా నవ్వు ఆపుకోలేక చస్తున్నాం. అత్త నవ్వలేదు. పొట్లం తీసుకొని, "కొట్టు మార్చేసినట్టు ఉండాదక్కా. ముందర ముందర వస్తాది, చూస్తాం" అంది. ఆ చింతపండుతోనే ఆ సాయంత్రం పులుసు పెట్టి పెద్దక్కకు కూడా గిన్నెలో పోసి పంపింది. పెద్దక్క ఇప్పటికీ ఒప్పుకోదు, కనకరత్నం లేదంటే.

కాలేజీ సెలవుల్లో అత్త దగ్గర కూర్చొని తెలుగు అక్షరాలు నేర్చుకున్నాను. కూడబలుక్కొని చదవడం రాగానే నేను మొదట తీసింది కనకరత్నం ఉన్న నవలే. ఎంత ఆశతో తీశానో! చదివాను. మళ్ళీ చదివాను. కనకరత్నం ఉంది. నాలుగైదు చోట్ల వస్తుంది, ఇడ్లీ పెడుతుంది, పోతుంది. లారీ హారన్ లేదు. గిన్నెలు తోమడం లేదు. బస్సే ఎక్కదు. చివర్లో ఆమె ఏమైందో కూడా రాసినాయన మరిచిపోయాడు.

పుస్తకం తీసుకొని వంటింట్లోకి వెళ్ళాను. "అత్తా, ఇదంతా ఏమిటి? నువ్వు మమ్మల్ని ఇన్ని రోజులూ మోసం చేసినావా?" అన్నాను. అత్త పొయ్యి మీద నుంచి తల తిప్పలేదు.

"అవునే కోడలు పిల్లా. ఆ యమ్మను అంత పెద్ద రోడ్డులో ఒక్కతిని నిలబెట్టి పోయినాడు ఆ రాసినాయన. చూడలేకపోతిని. మన పంచలో వాళ్ళవి తలా కొంచెం ఇచ్చినా."

అప్పుడు నాకు తెలిసింది. లారీ హారన్‌కు మాట ఆగిపోయేది పెద్దక్కకు. కొడుకు బండి ఘాటు ఎక్కే రోజుల్లో ఆమె హైవే వైపు చెవి పెట్టే ఉంటుంది. తోమిన గిన్నెలు తోమేది మేస్త్రీ పెళ్ళాం. ఊరు కనబడే వైపు కూర్చునేది హోసూరు దగ్గర నుంచి కొత్తగా వచ్చిన కోడలు, పుట్టింటి నుంచి తిరిగి వచ్చే ప్రతిసారీ. ముగ్గురూ పంచలో కూర్చొని తమ అలవాట్లే విన్నారు. ఒక్కరికీ అది తమదని తెలియలేదు. కనకరత్నం ఎవరో బాగా తెలిసినామె లాగా ఉందే అనుకున్నారు, అంతే.

"మరి నాది? నా దాంట్లో నుంచి ఏమీ తీసుకోలేదా?" అని అడిగాను. ఉడుకుమోత్తనం నాకు చిన్నప్పటి నుంచీ ఉంది.

"తీసుకున్నా."

"ఏంది అది?"

"చెప్పను. చెప్తే ఇంకమీద నువ్వు అట్ల చేయవు."

ఎన్నిసార్లు బతిమాలినా చెప్పలేదు. ఇంకెప్పటికీ చెప్పదు. కనకరత్నంలో నా ముక్క ఏదో తెలియకుండానే నేనూ పోతాను.

తర్వాత నేను లెక్కల టీచరునయ్యాను, ధర్మపురిలో కాపురం పెట్టాను, సొంతంగా నవలలు కొనుక్కొని చదవడం మొదలుపెట్టాను. ఈ మధ్య వచ్చే నవలల్లో మనుషులు బాగా మాట్లాడతారు. బాధ ఎక్కడ మొదలైందో, ఎందుకు మొదలైందో వాళ్ళకే తెలుసు, మనకు వివరంగా చెబుతారు. పుస్తకం మూసేసి వారం తిరగక ముందే వాళ్ళ పేర్లు మరిచిపోతాను. ఎందుకత్తా ఇట్లా అని అడిగితే ఆమె అనేది: "మంచోళ్ళయినందుకు గుర్తుండరు, చెడ్డోళ్ళయినందుకూ గుర్తుండరు. మనం చూస్తా ఉండామని తెలియకుండా ఏదో ఒకటి చేసుకుంటా ఉంటారే, వాళ్ళు గుర్తుంటారు." నవలల మీద నేను చదివిన వ్యాసాలన్నీ ఒకవైపు, ఈ మాట ఒకవైపు అని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది. ఆమె ముందు మాత్రం ఒప్పుకునేదాన్ని కాదు. ఒప్పుకుంటే నెత్తికెక్కి కూర్చుంటుంది.

పోయిన సంవత్సరం ఆమె చూపు బాగా తగ్గింది. ఆపరేషన్ చేసినా అక్షరాలు కూడలేదు. అప్పటి నుంచి ఆదివారాలు నేను వెళ్ళి చదివేదాన్ని, ఆమె వినేది. విన్నదాన్ని వారమంతా పంచలో వాళ్ళకు తన మాటల్లో చెప్పేది. చివరిగా మొదలుపెట్టిన నవలలో హైదరాబాదులో ఉద్యోగం చేసుకుంటూ ఫ్లాటులో ఒంటరిగా ఉండే అమ్మాయి ఉంది. రాత్రి ఫోనులో అన్నం తెప్పించుకొని తింటుంది. నేను చదువుకుంటూ పోతుంటే అత్త చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆగు. ఆ అన్నం డబ్బా ఉండాది కదా, దాన్ని కడిగి పెట్టుకుంటాదా, పారేస్తాదా?"

"రాయలేదత్తా."

"అది చెప్పు, ఆ పిల్ల ఎట్లాంటిదో నేను చెప్తా."

"రాయకపోతే నేనేం చేసేది? ఉన్నదే కదా చదవాల!"

"నువ్వు లెక్కల టీచరువి లే" అని నవ్వింది. "సరి, చదువు. పావం, ఆ పిల్లని అట్ల ఒక్కతిని ఎంతసేపని కూర్చోబెడతారు?"

అది ఆమె చివరి ఆదివారమని నాకు తెలియదు. తెలిసుంటే ఆ డబ్బా కడిగించేదాన్ని.

కర్మలన్నీ అయిపోయాక మామను చూడ్డానికి వెళ్ళాను. పంచలో ఆడవాళ్ళు చింతపండు కొడుతున్నారు. అత్త కూర్చునే చోట ఎవరూ కూర్చోలేదు. పెద్దక్క నన్ను చూసి, "పాపా, ఇంక మాకు కత ఎవురు చదువుతారే?" అంది. అంతమందిలో అడిగేసింది, ఇంక తప్పించుకోవడానికి లేదు. నాకు అప్పుడు నిజంగా భయం వేసింది. నేను చదివితే కథ చచ్చిపోతుందని నాకు తెలుసు. కనకరత్నం లాంటి వాళ్ళంతా అత్తతో పాటే పోయారని, ఈ పంచలోకి ఇంక ఎవరూ రారని ఆ రోజే తేలిపోతుంది. అయినా సంచిలో ఉన్న ఆ ఫ్లాటు అమ్మాయి నవల తీసి కూర్చున్నాను.

అత్త లాగే మా తెలుగులోకి మార్చుకుంటూ చదివాను. ఒక్క మాట వదల్లేదు, ఒక్క మాట కలపలేదు. కాసేపు విన్నారు. మేస్త్రీ పెళ్ళాం ఆవలించింది. హోసూరు కోడలు పక్కామెతో పాలక్కోడు మార్కెట్లో టమాటా ధర గురించి గుసగుసలు మొదలుపెట్టింది. పెద్దక్క మాత్రం మర్యాదకు నా మొహమే చూస్తోంది. నా గొంతు నాకే వినబుద్ధి కాలేదు. పేజీ అయిపోతే చాలు, మూసేద్దాం అనుకున్నాను.

ఆ పేజీలో అమ్మాయి ఫ్లాటుకు తాళం వేసి ఆఫీసుకు బయలుదేరుతుంది. అంతే రాసి ఉంది. నేను అది చదివి, కింది వాక్యం మీదికి పోబోయి ఆగిపోయాను. అమ్మాయి మెట్ల మీద ఒంటరిగా నిలబడి ఉంది. నా నోరు దానంతటదే చెప్పుకుంటూ పోయింది.

"తాళం ఏసి రెండు మెట్లు దిగింది. ఏమనుకునిందో, మళ్ళా ఎక్కి వచ్చింది. మూసిన తలుపు మీద చెయ్యి పెట్టి, లోపల ఎవురూ లేరు కదా, అయినా మెల్లగా చెప్పింది, 'పొయ్యొస్తా, బద్రంగా ఉండు' అని."

అది మా అత్త అలవాటు. మామ పొలానికి పోయాక ఇంటికి తాళం వేసి బయటికి పోయేటప్పుడు, ఎవరూ చూడటం లేదనుకొని ఖాళీ ఇంటికి అలా చెప్పి వెళ్ళేది. చిన్నప్పుడు చూశాను. ఆమెకు ఎప్పుడూ చెప్పలేదు. చెబితే మానేస్తుందని.

పంచలో కడ్డీల చప్పుడు ఆగిపోయింది. హోసూరు కోడలు మాట మధ్యలో నోరు మూసుకుంది. పెద్దక్క చేతులకు చింతపండు అంటుకొని ఉండడంతో మోచేత్తో కళ్ళు తుడుచుకొని అడిగింది.

"పాపా, అది బుక్కులో ఉండాదా?"

"ఉండాది పెద్దక్కా" అన్నాను.

"ఇంగొక తూరి చదువు."

పేజీలో ఆ మాటలు లేని చోట వేలు పెట్టి, మళ్ళీ చదివాను.