కుట్టు ఊడని తొడుగు

మూడు నెలల తర్వాత ఆమె వర్క్‌షాపుకి వచ్చింది. ఎడమచేతికి కట్టు లేదు. చిటికెన వేలూ ఉంగరపు వేలూ రెండో కణుపు దగ్గర ఆగిపోయాయి. వాటి కొసన కొత్త చర్మం లేత గులాబీ రంగులో, ఇంకెవరిదో అతికించినట్టుంది.

డాక్టరు రాసిచ్చిన కాగితాన్ని ఓనరు రెండుసార్లు చదివాడు.

"స్టోరు కౌంటరులో కూర్చోమ్మా. అడిగినవాళ్లకి బోల్టులూ నట్లూ ఇవ్వడమే. ఫ్యాను కూడా ఉంది."

"నాకు రంపం కావాలి సార్."

"నీ మంచికే చెబుతున్నా."

"తెలుసు. నాకు రంపం కావాలి."

ఓనరు చెడ్డవాడు కాడు. ప్రమాదం జరిగిన రోజు తన కారులోనే ఆసుపత్రికి తీసుకెళ్లాడు. ఆ సీటు మీది మరక ఇంకా పోలేదు. అప్పటినుంచి రంపం చప్పుడు మొదలైతే లేచి ఆఫీసు గది తలుపు మూసుకుంటున్నాడు.

"గురువారం ఆరంగుళాల లావు ఉక్కు షాఫ్టు వస్తుంది," అన్నాడు చివరికి. "ఒక్క ముక్క కొయ్యి. తిన్నగా తెగితే రంపం నీది. వంకర పోయినా, బ్లేడు తెగినా స్టోరు. మళ్ళీ ఈ మాట ఎత్తకూడదు. ఇంకోటి, మీ ఆయన్ని తీసుకురా. నువ్వు మిషన్ మీద ఉండగా ఆయన చూడాలి. ఆసుపత్రిలో ఆయన మొహం చూశాను నేను."

"ఆయన రాడు."

"రాకపోతే కోత లేదు."

ఆమె కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకుని వెళ్లిపోయింది.

షెడ్డులో అందరూ ఆమెను రంపం అక్క అంటారు. ఇరవై ఒక్క ఏళ్ల క్రితం చీపురు పట్టుకుని వచ్చింది. రంపం కింద రాలిన ఇనుప తురుము ఊడ్చి డబ్బాలో పోయడం ఆమె పని. ఊడ్చేదాన్ని చూస్తూ ఊడ్చింది. కొన్ని రోజులు తురుము వెండి తీగలా మెలికలు తిరిగి ఉండేది. కొన్ని రోజులు పొడి రాలేది. కొన్ని రోజులు కమిలి, ముట్టుకుంటే చురుక్కుమనేది. అప్పుడు రంపం నడిపే ముసలాయనకు చెవుడు. ఒకరోజు అతని భుజం తట్టి, అరచేతిలో పొడి చూపించి, "పెద్దాయనా, మీ బ్లేడు కొయ్యట్లేదు, రుద్దుతోంది," అంది. ఆయన బ్లేడు విప్పి వేలితో తడిమాడు. పళ్లు నున్నగా అరిగి ఉన్నాయి. మర్నాటినుంచి చీపురు పక్కన పెట్టించి తన పక్కన నిలబెట్టుకున్నాడు. రెండేళ్లకు ఆయన పని మానేశాక రంపం ఆమెదైంది.

ఆ రంపం నడుమెత్తు బల్ల మీద అడ్డంగా పడుకున్న బ్యాండ్ సా. రెండు చక్రాల మీద ఉక్కు పట్టీలాంటి బ్లేడు ఆగకుండా తిరుగుతుంది. పైనుంచి నెమ్మదిగా దిగుతూ ఇనుమును కోస్తుంది. బ్లేడు వేడెక్కకుండా పాలలా తెల్లటి కూలెంట్ నీళ్లు దాని మీద పడుతుంటాయి. జుట్టు టోపీలోకి దోపుకుని, పొట్టి చేతుల చొక్కా వేసుకుని, ఉంగరం ఇంట్లో వదిలి, కళ్లద్దాలు పెట్టుకుని ఆమె దాని ముందు నిలబడేది. తురుము చేత్తో తీసేది కాదు. దానికొక బ్రష్షు ఉండేది. సాయంత్రం బ్లేడు బిగువు వదిలి గానీ ఇంటికి వెళ్లేది కాదు.

"రాత్రంతా బిగించి ఉంచితే మనిషైనా తెగిపోతాడు," అనేది.

చేతి తొడుగులు మాత్రం భర్త కుట్టాడు.

అతను దర్జీ. ఇంటి ముందు గదే కొట్టు. పైపుల అంచులకు ఆమె అరచేతులు గీసుకుపోవడం చూసి, ఒక పాత తోలు సంచీ విప్పాడు. ఆమె చేతులు కాగితం మీద పెట్టించి పెన్సిలుతో చుట్టూ గీశాడు. రెండు పేటల దారంతో, దగ్గర దగ్గరగా కుట్టాడు. బరువులు ఎత్తేటప్పుడు ఆమె అవి వేసుకునేది. రంపం ఆన్ చేసేముందు తీసి కొక్కేనికి తగిలించేది. తిరిగే పళ్ల దగ్గర తొడుగు ఉండకూడదని షెడ్డులో అందరికీ చెప్పింది ఆమే.

ప్రమాదం జరిగిన రోజు తియ్యలేదు. దానికి కారణం చాలా చిన్నది. అవి చేతికి అంత బాగా కుదిరాయి. ఉన్నట్టే తెలియలేదు.

పైపు అంచున తురుము చుట్ట ఇరుక్కుంది. బ్రష్షు బల్లకు అవతలి పక్కనుంది. చెయ్యి దానంతటదే వెళ్లింది. పళ్లు తోలు కొసను అందుకున్నాయి. కుడిచేత్తో ఎర్ర బటన్ కొట్టింది. బ్లేడు ఆగడానికి పట్టిన ఆ కాస్త సేపట్లో జరగాల్సింది జరిగిపోయింది.

పక్క లేతు మిషన్ మీద పనిచేసే టర్నరు పరుగెత్తుకొచ్చాడు. ఆసుపత్రి వరండాలో తొడుగు ఆమె భర్త చేతికిచ్చింది కూడా అతనే.

"తోలు తెగింది బావా. కుట్టు మాత్రం ఒక్కటీ ఊడలేదు. ఏం కుట్టావయ్యా."

మెచ్చుకోలుగానే అన్నాడు. దర్జీ ఆ కుట్టును బొటనవేలితో తడిమాడు. కుట్టు ఊడి ఉంటే తొడుగు బ్లేడుతో పోయేది. చెయ్యి వెనక్కి వచ్చేది. ఆ లెక్క అతనికి ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

ఆ తర్వాత అతని కుట్టు వదులైంది. మొదట ఎవరూ గమనించలేదు. తర్వాత ఒకాయన బస్సెక్కుతుంటే ప్యాంటు వెనక విచ్చుకుంది. ఒకావిడ రవిక చంక దగ్గర ఊడింది. పాత ఖాతాదారులు మొహమాటంగా బట్టలు తిరిగి తెచ్చారు. మూలన కూర్చుని గుండీలు కుట్టే అతని తల్లికి చూపు సరిగ్గా ఆనదు. అయినా వేళ్లతో తడిమి చెప్పేసింది.

"ఒరేయ్, నీ కుట్ల కంటే నా పళ్లు నయంరా. ఉన్న నాలుగూ గట్టిగా ఉన్నాయి."

అతను నవ్వలేదు.

ఓనరు మాట చెప్పడానికి ఆమె ఇంటికి వచ్చేసరికి అతను ఒక జేబు కుడుతున్నాడు.

"గురువారం షెడ్డుకి రావాలి నువ్వు."

"నాకు పనుంది."

"చూస్తున్నాగా ఆ పని. మొన్న వేసిన జేబు ఇవాళ తిరిగొచ్చింది."

అతను మిషన్ తొక్కడం ఆపాడు. "స్టోరులో కూర్చుంటే ఏం పోయింది నీకు?"

"నువ్వు కత్తెర పారేసి గుండీలు అమ్ముకుంటావా?"

"నా కత్తెర నా వేళ్లు తినలేదు."

"నా రంపమూ తినలేదయ్యా. నేను పెట్టాను."

ముసలావిడ గుండీ పక్కన పెట్టి చెవులు ఇటు వేసింది.

"ఇంకో జత కుట్టు," అంది ఆమె. "ఎడమదానికి రెండు వేళ్లు పొట్టిగా."

"నీకు దణ్ణం పెడతా. ఆ ఒక్కటీ అడక్కు."

"సరే, అడగను. రావడమైతే రా."

"వచ్చి ఏం చెయ్యాలి?"

"కూర్చో. ఇన్నేళ్లూ నేనేం చేస్తున్నానో నువ్వొక్కసారీ చూడలేదు. చూసింది ఆసుపత్రి ఒక్కటే."

అతను దారం కొరికి, జేబును వెలుతురుకు పట్టుకుని చూశాడు.

"వెళ్లరా," అంది తల్లి. "ఇక్కడ నువ్వు పాడుచెయ్యకపోతే నాలుగు బట్టలు బతుకుతాయి."

బుధవారం పొద్దున్నే ఆమె షెడ్డుకి వెళ్లింది. మూడు నెలలు చేతులు మారిన మిషన్ ఎలా ఉంటుందో అలాగే ఉంది. చక్రం మీద మూతగా ఉండాల్సిన గార్డు గోడ పక్కన దుమ్ముకొట్టుకుని పడి ఉంది. కూలెంట్ కుళ్లు వాసన కొడుతోంది. బ్లేడును కదలకుండా పట్టుకోవాల్సిన గైడు కోసే చోటుకు జానెడు దూరంలో ఉంది. ఆమె మెయిన్ స్విచ్ ఆపి, దానికి తాళం వేసి, తాళంచెవి మెడలో వేసుకుంది.

టర్నరు లేతు వదిలి వచ్చాడు. "పరీక్ష రేపు కదక్కా. ఇవాళే ఎందుకింత?"

"రేపటి పరీక్ష నాకొక్కదానికే కాదు తమ్ముడూ. దీనిక్కూడా."

"గార్డు తీసేస్తే పని త్వరగా అవుతుందన్నాడు, నీ బదులు మధ్యలో వచ్చినాయన."

ఆమె ఎడమచెయ్యి ఎత్తి చూపించింది. "ఇది కూడా త్వరగానే అయింది."

టర్నరు వెళ్లి పానా తెచ్చి ఇచ్చాడు.

కుళ్లిన నీళ్లు తోడేసి, తొట్టి కడిగి, కొత్తవి కలిపింది. చక్రాల చుట్టూ పేరుకున్న తురుమును బ్రష్షుతో తీసింది. గార్డు బిగించింది. ఉన్న బ్లేడు పళ్లు ఒక్కొక్కటే వెలుతురులో చూసింది. బాగానే ఉన్నాయి. ఇనుమును బిగించి పట్టే వైస్ పిడి తిప్పబోతే ఎడమచెయ్యి జారింది. రెండోసారీ జారింది. బొటనవేలు కిందికి పెట్టి, అరచేతి మొదలుతో తోసింది. తిరిగింది. అలాగే ఇరవైసార్లు తిప్పింది, చేతికి గుర్తుండేలా.

గురువారం దర్జీ వచ్చాడు. టర్నరు స్టూలు తుడిచి వేశాడు. అతను చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని, పెళ్లిచూపులకు వచ్చినవాడిలా బిగుసుకుని కూర్చున్నాడు. ఓనరు ఆఫీసు గది గుమ్మంలోనే నిలబడ్డాడు.

షాఫ్టు గొలుసుల మీద వచ్చి బల్ల మీద ఆనింది. ఆమె గుర్తు గీసి, వైస్ బిగించి, గైడు దగ్గరకు జరిపి, వట్టి చేతులతో బటన్ నొక్కింది. బ్లేడు దిగింది. తురుము మెలికలు తిరుగుతూ రాలింది. దర్జీ కళ్లు ఆమె చేతుల మీదే ఉన్నాయి. రెండు చేతులూ బ్లేడుకు మూరెడు దూరంలో, బల్ల అంచు మీద ఉన్నాయి. అక్కణ్ణుంచి కదల్లేదు.

సగం దాటాక ఆమె తల కొద్దిగా వంచింది. చప్పుడులో మిగతావాళ్లకి తేడా తెలియలేదు. ఆమె కిందికి చూసింది. తురుము పొడిగా రాలుతోంది.

మిషన్ ఆపేసింది.

"ఏమైంది?" అన్నాడు ఓనరు.

"ఉక్కు లోపల గట్టి చోటు తగిలింది సార్. పళ్లు అరిగిపోయాయి. ఇంకా తోస్తే వంకర తిరుగుతుంది."

"సగం పైనే అయిందిగా అక్కా," అన్నాడు టర్నరు మెల్లగా. "నెమ్మదిగా లాగించెయ్."

"లాగించను."

మెయిన్ ఆపి తాళం వేసింది. పాత బ్లేడు విప్పి కింద పెట్టింది. స్టోరులోంచి కొత్తది వచ్చింది. మూడు చుట్లుగా చుట్టి, తీగతో కట్టి ఉంది. ఆ కట్టు విప్పగానే మనిషంత వెడల్పున చెంగున విచ్చుకుంటుంది. దానికి తొడుగులు కావాలి. షెడ్డులో ఉన్న జత వేసుకుంది. ఎడమదానిలో రెండు వేళ్ల కొసలు ఖాళీగా వేలాడుతున్నాయి. బ్లేడు పట్టుకుంటే ఆ ఖాళీ తోలు మధ్యలో మడతపడి పట్టు జారింది. ఇంకోసారి పట్టుకుంది. మళ్ళీ జారింది. ఆమె బ్లేడు బల్ల మీద పెట్టేసి ఊపిరి తీసుకుంది.

దర్జీ స్టూలు మీంచి లేచాడు.

"ఇటివ్వు."

చొక్కా కాలరు మడతలోంచి సూది తీశాడు. జేబులో దారపుండ ఎప్పుడూ ఉంటుంది. ఖాళీ కొసలు రెండూ లోపలికి నొక్కి, మడిచి, పెద్ద పెద్ద కుట్లు నాలుగు వేశాడు. లాగి చూశాడు. ఆగాడు.

"ఇది ఊడితే?"

"బ్లేడు చేతిలోంచి జారి మొహాన కొడుతుంది."

"ఊడకపోతే? మిషన్ నడిచేటప్పుడు..."

"మిషన్ నడిచేటప్పుడు తొడుగు చేతికే ఉండదు. ఇంక కుట్టు గురించి ఎందుకు? ఆ రోజు నేను తియ్యలేదు. అంతేనయ్యా. నువ్వు కుట్టిందాంట్లో ఏ తప్పూ లేదు."

అతను ఆమె మెడలో తాళంచెవి వైపు, ఆగి ఉన్న చక్రాల వైపు చూశాడు. తర్వాత వేసిన నాలుగు కుట్లూ కత్తిరించేశాడు. దారం రెండు పేటలు చేశాడు. దగ్గర దగ్గరగా, తోలు ముడుచుకునేంత బిగువుగా కుట్టాడు. ఓనరు గడియారం చూసుకోలేదు. టర్నరు లేతు ఆపేసి నిలబడ్డాడు.

ఈసారి బ్లేడు జారలేదు. కట్టు విప్పగానే విచ్చుకుంది, ఆమె చేతుల్లో విల్లులా వణికి నిలిచింది. చక్రాల మీదికి ఎక్కించి, బిగించి, గార్డు మూసింది. తొడుగులు తీసి భర్త చేతిలో పెట్టింది.

"ఇది తిరుగుతున్నంతసేపూ ఇవి నీ దగ్గరుండాలి."

తర్వాత వైస్ వదులు చేసి, అరచేతి మొదలుతో తోసి, షాఫ్టును సగం చుట్టు తిప్పింది.

"అదేంటక్కా, ఆ కోతలోనే దించొచ్చుగా," అన్నాడు టర్నరు.

"పాత బ్లేడు అరిగిపోయి సందు సన్నగా కోసింది. కొత్తదాని పళ్లు వెడల్పు. ఆ సందులో దించితే పట్టేసి పుటుక్కుమంటుంది. అవతలి వైపునుంచి రావాలి."

మెయిన్ తాళం తీసి, కొత్త బ్లేడును సగం వేగంతోనే దించింది. అలవాటయ్యేదాకా దాన్ని తొందరపెట్టకూడదు. షెడ్డులో ఆ ఒక్క చప్పుడే ఉంది. తురుము మళ్ళీ మెలికలు తిరిగింది. కొత్త కోత పాత కోతను కలిసింది. ముక్క బల్ల మీదికి ఒరిగింది.

ఓనరు మూలమట్టం తెచ్చి ముక్కకు ఆనించాడు. బొటనవేలితో రాశాడు. మధ్యలో వేలు ఆగింది.

"ఇదేంటి?"

"రెండు కోతలూ కలిసిన చోటు. వెంట్రుకవాసి. ఆకురాయితో నాలుగు తోపులు చాలు."

ఆయన ఇంకోసారి రాశాడు. మూలమట్టం బల్ల మీద పెట్టాడు.

"ఈ షాఫ్టులో ఇంకా పదకొండు ముక్కలున్నాయి," అన్నాడు. "సాయంత్రానికి ఎన్నయితే అన్ని."

లోపలికి వెళ్లి కుర్చీలో కూర్చున్నాడు. తలుపు మూయలేదు.

ఆమె రెండో గుర్తు గీసి బటన్ నొక్కింది. దర్జీ స్టూలు మీదే ఉన్నాడు, తొడుగులు ఒళ్లో పెట్టుకుని. రెండో ముక్క పడగానే రంపం దానంతటదే ఆఫ్ అయింది. ముక్క ఎత్తడానికని అతను లేచి తొడుగులు అందించబోయాడు. ఆమె తల అడ్డంగా ఊపి చక్రం వైపు చూపించింది. గార్డు జాలీ వెనక అది ఇంకా నెమ్మదిగా తిరుగుతోంది.

"ఆగనీ," అంది.

ఇద్దరూ అది ఆగేదాకా నిలబడ్డారు.