ఆడవాళ్ల వైపు పరదా

నల్లగొండ టాకీసులో నర్సింగమ్మ కన్నుగప్పి లోపలికి పోవడం ఎవరి తరమూ కాదు. ఆడవాళ్ల నేల టికెట్టు వాకిలి ఆమెది. ఆడవాళ్లకూ మగవాళ్లకూ నడుమ ఒక నల్ల పరదా ఉండేది. దీపాలారగానే దాన్ని పక్కకు లాగడం, ఇంటర్వెల్ గంట మోగగానే దీపాలు వెలిగేలోపు మళ్లీ మూసేయడం, అదీ ఆమె పని. చంకలో పిల్లతో వచ్చిన తల్లిని కూడా, "కొంగు తియ్యి, ఇంకోదాన్ని దాచినవేమో చూస్త" అనేది. అబ్బో, ఆ మనిషి అనుమానం అంతా ఇంతా కాదు!

ఊరికే రాలేదు ఆ అనుమానం. ఆమె మొగుడు భిక్షం, దేవరకొండ దగ్గర గొర్లు కాసే కురుమ. పోలీసు యాక్షన్ అయిన మరుసటేడు, సంగపోళ్లకు, అంటే అడవుల్లో తిరిగే కమ్యూనిస్టు దళాలకు, జొన్న గటక పోశాడని సిపాయిలు పట్టుకొచ్చి ఈ కట్టడంలోనే పెట్టారు. అంతకుముందు ఇది ఒక దొర కట్టించిన నాటకశాల. రాజుల వేషాలు తిరిగిన చోట సిపాయిలు క్యాంపు పెట్టారు. క్యాంపు ఎత్తేశాక నర్సింగమ్మ వచ్చి అడిగితే, చనిపోయాడని ఒకరు, దూరపు జైలుకు పంపారని ఇంకొకరు అన్నారు. ఆమె ఒక్కరి మాటా నమ్మలేదు, ఊరికీ తిరిగి పోలేదు.

కట్టడం లెవీ ధాన్యం గోదామైనప్పుడు గింజలు ఊడ్చింది. రామచంద్రం సేటు దాన్ని కొని తెల్ల తెర కట్టి టాకీసు చేసినప్పుడు వాకిట్లో నిలబడింది. గోడలకు సున్నం కొడుతుంటే పక్కనే నిలబడి, ఏం కప్పేస్తున్నారో అని చూసేది. నేల తవ్వి ఇసుక పోస్తుంటే ప్రతి తట్టలోకీ తొంగిచూసేది. ఈ గోడలకు తన మొగుడి సంగతి తెలుసునని ఆమె గట్టి నమ్మకం.

బొట్టు తుడుచుకొమ్మని అత్తగారి తరఫువాళ్లు ఎన్నిసార్లు కబురంపినా ఒకటే జవాబు. "పీనుగను చూపెట్టుండ్రి, గప్పుడు తుడుచుకుంట." కసి కొద్దీ బొట్టు ఇంకా పెద్దది పెట్టేది.

కొన్నాళ్లుగా ఆమె కన్ను కేతేపల్లి ఎల్లేశం మీద పడింది. అంగడి రోజు రావడం, మ్యాట్నీకి నేల టికెట్టు కొనడం, పరదా దగ్గరి స్తంభానికి ఆనుకుని తెరకు వీపు పెట్టి కూర్చోవడం. డబ్బు పెట్టి బొమ్మకొచ్చి బొమ్మ చూడనివాడు ఇంకేం చూస్తాడు? సేటుకు చెబితే ఆయన నవ్వేశాడు. "టికెట్టు కొన్నడు గదా, ఎటు చూస్తే నీకేంది?" అన్నాడు.

ఒకనాడు ఇక ఆగలేక, బొమ్మ నడుస్తుండగానే ఎల్లేశం రెక్క పట్టి వాకిట్లోకి ఈడ్చుకొచ్చింది.

"ఆడోళ్ల దిక్కు ఏం చూస్తున్నవ్ రా? అక్కాచెల్లెండ్లు లేరా నీకు?"

"ఆడోళ్లతోని నాకేం పనమ్మా! నేను చూసేది మొగోళ్లను. ఒక్కని కోసం చూస్తున్న." ఎల్లేశం చొక్కా సర్దుకున్నాడు. "గీడ క్యాంపు ఉన్నప్పుడు నన్నూ మా అన్ననూ గా తంబానికే కట్టేసిండ్రు. మా పక్కకు దేవరకొండ దిక్కు కురుమాయన ఒకడుండె. ఎడమ చెవు కొస తెగి ఉండె."

నర్సింగమ్మ పట్టు జారిపోయింది. గొర్లకు తుమ్మ కొమ్మ కొడుతుంటే గొడ్డలి తగిలి తెగిన చెవి అది. పసుపు అద్దింది తనే.

"సచ్చిపోయిండా?" అంది.

"సచ్చుడా! మా అన్న దళం మనిషని సిపాయిలకు వాడే చెప్పిండు. మా అన్నను అడివికి తోలుకపోయిండ్రు, మళ్ల రాలే. వాన్ని మాత్రం తెల్లారంగనే ఎనక దర్వాజ నుంచి ఇడిచిపెట్టిండ్రు. గొంగడి కప్పుకొని నడుసుకుంట పోయిండు. నా కండ్లతోని చూసిన."

"అబద్ధం! గొంగడి ఎసొంటిదో చెప్పు."

"నల్లది. అంచుకు తెల్ల ఉన్ని గీత."

ఆ తెల్ల ఉన్ని వడికింది కూడా తనే. ఇన్నేళ్లూ సిపాయిలను అనుమానించింది, సేటును అనుమానించింది, సున్నం కొట్టేవాళ్లను కూడా వదల్లేదు. అనుమానించనిది ఒక్కణ్నే. విడిచిపెట్టిన నాడు ఇల్లు నడిచి రాగలిగిన దూరంలోనే ఉండె గదా! ముఖం చూపలేకపోతే కబురైనా పంపొద్దా?

"ఎన్నడో ఒకనాడు బొమ్మకన్న రాకపోతడా అని చూస్తున్న" అన్నాడు ఎల్లేశం. "గింతకూ నువ్వెందుకు అడుగుతున్నవమ్మా? నీకేమైతడు వాడు?"

"నాకేం కాడు."

గంట మోగింది. ఆమె లోపలికి ఉరికి, చీకట్లోనే పరదా సర్రున లాగేసింది. దీపాలు వెలిగేసరికి పరదా అంచు పట్టుకుని నిలబడి ఉంది.

ముందు వరుసలో కూర్చున్న ఉప్పలమ్మ తమలపాకు నములుతూ తలెత్తింది. "అయ్యో నర్సింగీ, బొట్టేదే?"

"చెమటకు పోయింది" అని, నర్సింగమ్మ ఆ పరదా అంచుతోనే నొసలు ఇంకోసారి తుడుచుకుంది.