తెరిచే ఉన్న ఫిర్యాదు

మా మేడమీద ఉండే అత్త పోయిన వారం చనిపోయింది. ఆస్పత్రి నుంచి ఫోన్ రాగానే ఇంట్లో చెప్పాను. తర్వాత మా మెయిలింగ్ లిస్టుకు ఒక్క ముక్క రాశాను: "అత్త ఇక లేదు." ఆ లిస్టులో చాలామంది ఆమెను చూసినవాళ్లు కాదు. అయినా వాళ్లకు తెలియాలి.

నటేశన్ నగర్‌లో మాది కింది వాటా. ఆమె టెలిఫోన్ ఆఫీసులో చేసి రిటైరైంది. మా ఇళ్లల్లో తెలుగు మాట్లాడతారు, చదవలేరు; బడిలో నేర్చింది తమిళ అక్షరాలు. తెలుగు చదివే చుట్టాలకు ఏదైనా రాయాలంటే కష్టం. అందుకని తమిళ అక్షరాల్లో కొడితే తెలుగు లిపిలోకి మార్చే ప్రోగ్రాం ఒకటి రాసి, ఎవరైనా వాడుకోండి, ఎవరైనా దిద్దండి అని వదిలింది. సాఫ్ట్‌వేర్ ప్రజల సొత్తు అని కరపత్రాల్లో చదివి ఊగిపోతున్న రోజులు నావి. అలాంటిది మా నెత్తిమీదే తయారవుతోందని తెలిసి చెప్పులతోనే పైకి పరిగెత్తాను.

"చెప్పులు కింద విడువు, ఆవేశమూ ఆడే విడువు. ఇప్పుడు చెప్పు, ఏంది?" అంది.

ఆ పనిలో నేనూ చేరాను. ప్రోగ్రాంలో తప్పులు రాసి పెట్టుకోవడానికి మాకు బగ్ ట్రాకర్ ఉండేది: ప్రతి తప్పుకూ ఒక నంబరు, తీరితే మూసేయడం. మాట్లాడుకోవడానికి, ఒకరు రాస్తే అందరికీ చేరే మెయిలింగ్ లిస్టు వేరే. చిన్నవాళ్లం ట్రాకర్‌లో, పెద్దవాళ్లు మెయిళ్లలో. మెయిళ్లు పాతకాలపు చెత్త, తీసేయాలని నా వాదన.

ఏంబలం అనే పల్లె నుంచి ఒక రైతు లిస్టుకు రాశాడు. తెలుగు చదివే బావకు "దండం బావా" అని కొడితే "తంటం పావా" అని చేరుతోందట. తమిళంలో ద-కూ త-కూ ఒకటే అక్షరం, డ-కూ ట-కూ ఒకటే, బ-కూ ప-కూ ఒకటే. అదే తప్పు ట్రాకర్‌లోనూ ఉంటే, లిపి స్వభావమే అంత అని రాసి మేం మూసేశాం. ఆ సంగతి మెయిళ్లలో వాళ్లకు తెలియదు. ఇంటి మాటల జాబితాతో పోల్చి సరిచేయవచ్చని వాళ్లు ఉపాయం కనిపెట్టారు. అది మాకు తెలియదు.

"మూసినారు, సరి. ఆయనకు చెప్పినారా?" అని అత్త అడిగింది.

"ట్రాకర్‌లో రాసినాం గదత్తా. వచ్చి చూసుకోవచ్చు."

"ట్రాకర్ యాడుందో ఆయన ఎరగడే. వాళ్ల బావ ఇంకా తంటాలోనే ఉండాడు. ప్రజల సొత్తు అంటావు, ప్రజలు మెయిల్ రాస్తే సండకు, జగడానికి పోతావు. యా ప్రజలే నువ్వు చెప్పేది?"

కోపంగా మెట్లు దిగి వచ్చేశాను.

ట్రాకర్‌నూ లిస్టునూ కలిపే ఇంకో ప్రోగ్రాం రాయడానికి ఆమే కూర్చుంది. నంబరున్న మెయిల్ ట్రాకర్‌లో ఆ తప్పు కిందికి చేరాలి. ట్రాకర్‌లో రాసింది అందరికీ మెయిల్‌గా పోవాలి. నంబరు లేని కొత్త మెయిల్‌కు ప్రోగ్రామే నంబరు ఇవ్వాలి. మొదటి రోజు ట్రాకర్ పంపింది లిస్టుకు వచ్చింది, లిస్టు దాన్ని మళ్లీ ట్రాకర్‌కు పంపింది, అది మళ్లీ లిస్టుకు. అందరికీ "దండం బావా" కుప్పలుగా వచ్చి పడింది. నేను తల పట్టుకుంటే ఆమె కాఫీ గ్లాసు దించి నవ్వింది. "ఆ బావకు ఈ జన్మకు చాలు దండాలు."

తను పంపిందే తిరిగొస్తే గుర్తుపట్టి ఊరుకునేలా దిద్దింది. "మన మాటే మనకు తిరిగొస్తే బదులు ఈగూడదే. నువ్వూ నేర్చుకో" అంది. వాదనకు దిగబోయినప్పుడల్లా ఆ మాట నా చెయ్యి పట్టుకుంటుంది. ఎన్ని కరపత్రాలు చదివినా దొరకనిది ఆ ఒక్క మాటలో నాకు దొరికింది.

ఇంకో పట్టుదల ఉండేది. చెప్పినవాళ్లు సరేననేదాకా ఏ ఫిర్యాదూ మూయకూడదు. వాళ్లను అడిగే మెయిల్ ప్రోగ్రామే పంపుతుంది. అందులో ఆఫీసు భాష పెట్టనివ్వలేదు. "తీరిందా? తీరకుంటే చెప్పు, తెరిచే ఉంటది" అని మా ఇంటి మాటల్లోనే రాసింది. మెయిళ్లలోని జాబితా ఉపాయంతో దిద్ది, ఏంబలం రైతు "తీరింది" అన్నాకే ఆ తంటం మూతపడింది. తర్వాత ఆయన వేరుశనక్కాయల సంచితో మేడ ఎక్కి వచ్చాడు.

ఆమె పోయిన రోజు నేను రాసిన మెయిల్‌లో నంబరు లేదు. ఆమె ప్రోగ్రాం దాన్ని కొత్త ఫిర్యాదు అనుకుంది. నంబరిచ్చి ట్రాకర్‌లో అన్నిటికన్నా పైన పెట్టింది: "అత్త ఇక లేదు. తెరిచి ఉంది." వచ్చిన బదుళ్లన్నీ దాని కిందే చేరాయి. మొదటిది ఏంబలం నుంచి: "దండం అమ్మా." ఒక్క అక్షరం తప్పు లేదు. పొరపాటున పడింది, మూసేద్దామా అని ఎవరో అడిగారు. చెప్పినవాళ్లు సరేననాలి కదా. చెప్పింది నేను.

ఈ ఉదయం నాకూ ఆ మెయిల్ వచ్చింది. "తీరిందా? తీరకుంటే చెప్పు, తెరిచే ఉంటది."

తీరలేదత్తా, అని రాశాను. అది వెళ్లి అందరి మాటల కింద చేరింది.