అన్న మాటలు రాసిన కాగితం

శనివారం ఒంటిపూట బడి కాగానే స్నేహలత మండవల్లిలో ఏలూరు బస్సెక్కింది. చేతిసంచిలో రెండోసారి రాసిన వ్యాసం ఉంది. ఏలూరులో కథాపాఠకుల సంఘం 2007 డిసెంబరు పదిహేనున సభ పెడుతోంది. అందులో తన వ్యాసం చదవాలని ఈ టీచరమ్మ పట్టుదల.

సంఘం నడిపే మంగతాయారు రిటైరైన తెలుగు లెక్చరరు. వ్యాసం చదివి, నవ్వుతూనే చురక వేశారు.

"కథ చదివి ఎంత ఏడ్చారో, ఎంత మారిపోయారో మళ్లీ అదే రాశారు. ఇది సాక్ష్యం కదండీ! చర్చిలో చెబితే ఆమెన్ అంటారు. కథలో ఏముందో ఎక్కడా లేదేం?"

ప్రార్థనలో లేచి నిలబడి, దేవుడు తనకేం చేశాడో సాక్ష్యం చెప్పడం స్నేహలతకు చిన్నప్పటి అలవాటు. కథ చదివినా అదే దారి పడుతున్నానని ఆమెకు అప్పటిదాకా తెలీదు.

"మరెలా చదవాలండీ?"

"అది నేను చెబితే నా వ్యాసం అయిపోతుందండీ. వచ్చే శనివారం తెండి."

చేపల చెరువు పంచుకున్న అన్నదమ్ముల కథ అది. తమ్ముణ్ని ముంచిన అన్న దుర్మార్గుడని ఆమె రెండుసార్లూ రాసింది.

ఆ వారమే చర్చిలో క్రిస్మస్ నాటకం పని నెత్తిన పడింది. ఒక్కో పాత్ర మాటలు ఒక్కో కాగితం మీద విడిగా రాసి పిల్లలకు పంచాలి. గొర్రెల కాపరి మాటలు రాస్తుంటే తట్టింది: కథను కూడా ఇలా విడదీస్తే?

తమ్ముడి భార్య కాగితం రెండువైపులా నిండింది. అన్న కాగితం మీద పడింది తమ్ముణ్ని అడిగిన ఒక్క మాటే: "అన్నం తిన్నావురా?"

తల్లి వరమ్మ తొంగి చూసింది. "ఈ ఏషం ఎవరికిత్తావే? ఏసోబు మనవడికియ్యి. ఒక్క ముక్కేగా, మర్చిపోడు."

"ఇది నాటకం కాదమ్మా!"

అన్న చెడ్డవాడని తనకు చెప్పిందెవరు? పుస్తకంలో వాక్యాల మీద వేలు పెట్టి వెతికింది. అన్నీ తమ్ముడి భార్య మాటలే. అలాగని అన్న మంచివాడనీ ఎక్కడా లేదు. ఎవరిని నమ్మాలి? ఆ ప్రశ్ననే వ్యాసం చేసింది. చివర అన్నదమ్ములు కలిసుండాలని ఓ పేరా చేర్చింది.

శనివారం ఏలూరులో మంగతాయారు దాన్ని నిలబడే చదివారు. చివరి పేరా కొట్టేశారు.

"ఇక్కడ మళ్లీ చర్చికెళ్లిపోయారండీ."

"మిగతాదండీ?"

"దాంతో నాకో పేచీ ఉంది. అన్నం తిన్నావా అని అతను ఎప్పుడడిగాడు? పంపకానికి ముందా, అయ్యాకా?"

స్నేహలత పుస్తకం తిరగేసింది. "అయ్యాకేనండీ."

"అప్పుడది ప్రేమంటారా, ఎత్తిపొడుపంటారా?"

"తెలీదండీ."

"ఆ తెలీకపోవడమే రాయండి."

సభలో ఆమెది మూడో వ్యాసం. చదవడానికి పది నిమిషాలు పట్టింది. దాని మీద వాదన భోజనాలు వడ్డించేదాకా సాగింది.