చెరో చెవిలో సగం ఆల్బమ్

ఈ రోజు సాయంత్రం మా అన్న శీను, అతని దోస్తు బాలాజీ కలిసి కొనుక్కున్న ఇయర్‌ఫోన్లను అమ్మేయబోయారు. ఇద్దరూ నాందేడ్‌లో రేడియోలు బాగుచేస్తారు. ఇంగ్లీషు రాక్ క్యాసెట్లంటే ప్రాణం. ఉన్నది ఒకటే జత కాబట్టి ఎప్పుడూ చెరో చెవికి పెట్టుకుని వింటారు.

తగవు వాళ్ళకు బాగా నచ్చిన ఆల్బమ్ గురించే.

“డ్రమ్ములు ఇంత మంచిగ ఇంకే ఆల్బమ్‌ల ఉన్నయ్ రా?” అన్నాడు అన్న.

“డ్రమ్ములెక్కడియి? గిటారొక్కటే ఇనవడుతుంది. చెవులల్ల పత్తి గిట్ల పెట్టుకున్నవా? ఈ ఇయర్‌ఫోనే బేకార్. అమ్మేద్దాం పా” అన్నాడు బాలాజీ.

మా ఇంట్లో బడికి వెళ్ళిన మొదటిదాన్ని నేనే కాబట్టి, క్యాసెట్ డబ్బాలో ఏమేం వాయించారో రాసి ఉన్న కాగితం చదవమని నన్ను పిలిచారు. అందులో డ్రమ్ములూ ఉన్నాయి, గిటారూ ఉంది. నాకు అనుమానం వచ్చింది. అమ్మే ముందు ఒక్కసారి విననివ్వమని బతిమాలి, మొదటిసారిగా ఇయర్‌ఫోన్లు రెండు చెవులకూ పెట్టుకున్నాను. ఎడమవైపు డ్రమ్ములు, కుడివైపు గిటారు, తల మధ్యలో ఎవరో పాడుతున్నారు!

“అన్నా, నువ్వెప్పుడు ఏ దిక్కుది పెట్టుకుంటవ్?”

“ఎడమ దిక్కుదే. బాలాజీది కుడి దిక్కు. ఎందుకే?”

చెప్పాను. ఏడాదిగా మెచ్చుకుంటున్న ఆల్బమ్‌ను ఇద్దరిలో ఒక్కరూ పూర్తిగా వినలేదు.

అమ్మకం ఆగిపోయింది. ఇప్పుడు ముందు ఎవరు వినాలన్నది కొత్త తగవు. అది తేలేదాకా ఇయర్‌ఫోన్లు నా చెవులకే ఉన్నాయి. ముందు ఎవరికివ్వాలో మీరే చెప్పండి. నిదానంగా చెప్పినా పరవాలేదు.