సింధు పాస్‌పోర్టుకు తల్లి సంతకం

ఆ ఫోన్ వచ్చినప్పుడు కృష్ణకుమారి దిల్‌సుఖ్‌నగర్‌లో, తను పనిచేసే షాపులో, మగ్గం ముందు కూర్చుని ఉంది. ఎవరిదో పెళ్లి జాకెట్టు. వీపు మీద నెమలి సగమే అయింది. తెరమీద భర్త గౌతమ్ పేరు చూసి, సూదిని గుడ్డలోనే గుచ్చి వదిలేసి, షాపు వెనక మెట్ల మీదికి వెళ్లింది. గౌతమ్ మస్కట్‌లో ఉంటాడు. పనిదినాన, పగటిపూట అతను ఫోన్ చేయడం మానేసి చాలా కాలమైంది. తండ్రి దగ్గరున్న కూతురు సింధుకు ఏమైందోనని గాబరాగా ఫోన్ ఎత్తింది.

సింధుకేమీ కాలేదు. దాని పాస్‌పోర్టు గడువు అయిపోవస్తోంది. చిన్నపిల్లలవి ఐదేళ్లకే చెల్లిపోతాయి కదా, కొత్తదానికి అక్కడి ఎంబసీలో దరఖాస్తు పెట్టబోతే తల్లి ఎక్కడని అడిగారట. హైదరాబాద్‌లో ఉందంటే, ఆమె ఒప్పుకున్నట్టు నోటరీ ముందు సంతకం చేసిన కాగితం ఉండాలన్నారట. రేపే ఎల్బీనగర్ కోర్టు దగ్గరికి వెళ్లి చేయించి కొరియర్లో పంపమని గౌతమ్ చెప్పాడు. వచ్చేటప్పుడు కొత్తిమీర కట్ట తెమ్మన్నంత మామూలుగా చెప్పాడు. ఆమె సరేననలేదు, కాదనలేదు. "సూస్త" అని ఫోన్ పెట్టేసింది.

మళ్లీ మగ్గం ముందు కూర్చుంది గానీ చేయి సాగలేదు.

కృష్ణకుమారి తండ్రి మట్టయ్య నల్లగొండ పక్క పల్లె నుంచి వచ్చి ఎల్బీనగర్‌లో లారీ డ్రైవరుగా స్థిరపడ్డవాడు. కూతురిని డిగ్రీ చదివించాడు. డిగ్రీ కాగానే ఆమె దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్లో రిసెప్షన్‌లో చేరింది. అక్కడ అకౌంట్స్ చెప్పేవాడు గౌతమ్. వాళ్లది గుంటూరు వైపు కుటుంబం, చైతన్యపురి దాటాక సొంత ఫ్లాటు. ఇద్దరూ ఇష్టపడ్డారు. రెండిళ్లలోనూ మొహాలు మాడ్చుకున్నారు గానీ పెళ్లి ఆపలేదు. సింధు పుట్టిన రెండేళ్లకు గౌతమ్‌కు మస్కట్‌లో ఉద్యోగం వచ్చింది, ముగ్గురూ వెళ్లారు. అక్కడి ఎండ, అక్కడి ఒంటరితనం, అన్నీ ఆమెకు అలవాటయ్యాయి. మగ్గం పని కూడా పక్క ఫ్లాటు ఆవిడ దగ్గర కాలక్షేపానికి నేర్చుకున్నదే.

మట్టయ్య లారీ దిగుతూ జారిపడి తుంటి విరగ్గొట్టుకోవడంతో కథ మారింది. మలక్‌పేట దవాఖానాలో ఆపరేషన్, ఆ తర్వాత చీము పట్టి రెండో ఆపరేషన్. తల్లి లేదు, వదిన నిండు గర్భిణి. చూసుకోవడానికి కృష్ణకుమారి ఒక్కతే వచ్చింది. సింధుకు బడి పోతుందని గౌతమ్ దగ్గరే ఉంచింది. నెల అనుకున్నది ఎనిమిది నెలలైంది. ఆరు నెలలు దాటి బయట ఉంటే అక్కడి వీసా రద్దవుతుందన్న సంగతి ఆమెకు తెలియదు. గౌతమ్‌కు తెలుసు. తెలిసీ గుర్తు చేయలేదు.

కొత్త వీసా పెడతానన్నాడు. కంపెనీలో రూల్స్ మారాయన్నాడు. తర్వాత ఒకరోజు, ఇప్పుడు ఇల్లు ప్రశాంతంగా ఉందని, కొన్నాళ్లు ఇలాగే ఉందామని అన్నాడు. ఇంకొక ఆడది ఉందేమోనని ఆమె అనుమానించింది. అదీ లేదు. ఉంటే కనీసం తిట్టడానికి ఒకరుండేవారు. ఆమె లేకపోయినా అతనికి జరిగిపోతోంది, అంతే. ఆమెకు మిగిలింది శుక్రవారం సాయంత్రం సింధుతో వీడియో కాల్. తండ్రి కోలుకుని అల్మాస్‌గూడలో అన్న మహిపాల్ దగ్గర చేరాక, ఆమె ఎల్బీనగర్‌లో ఒక గది కిరాయికి తీసుకుని ఈ షాపులో కుదిరింది.

సంతకం మాట వినగానే మహిపాల్ తొడ చరిచాడు. ఇన్నాళ్లకు పిలక చేతికి దొరికిందన్నాడు.

"పెట్టకు చెల్లె. నిన్ను కాయితంతోనే బయట పెట్టిండు గద. గిప్పుడు ఆ కాయితమే ఆనికి అడ్డం పడ్డది. పిల్లను తీస్కొచ్చి ఈడ నిలబెట్టినంకనే సంతకమని చెప్పు."

మర్నాడు అతనే ఆమెను కోర్టు ఎదుట ఉన్న వకీలు రామమోహనరావు ఆఫీసుకు తీసుకెళ్లాడు. ఆయన అంతా విని, మహిపాల్ మాటనే మర్యాదగా చెప్పాడు. పిల్ల దేశంలో లేకుండా కస్టడీ కేసు నడపడం ఏళ్ల మాట. ఈ కోర్టుకు అధికారమే లేదని అవతలివాళ్లు మొదటిరోజే వాదిస్తారు. ఆమె చేతిలో ఉన్న బలమల్లా ఈ సంతకమే, వదులుకోవద్దని గట్టిగా చెప్పాడు.

ఆ సాయంత్రం కృష్ణకుమారి గౌతమ్‌కు ఫోన్ చేసి, సింధును తీసుకొస్తేనే సంతకమని చెప్పింది. అతను "పిల్లని అడ్డం పెట్టుకుని బేరమా?" అని కట్ చేశాడు. ఆ మాట ఆమెకు ముల్లులా దిగింది. అయినా మనసులో ఎక్కడో, పెళ్లయ్యాక మొదటిసారి అతను తన మాట కోసం ఎదురుచూస్తున్నాడన్న తృప్తి కూడా కలిగింది. ఆ తృప్తి చూసుకుని తనే భయపడింది.

రెండు వారాలు బిగపట్టుకుని కూర్చుంది. మూడో వారం అత్తగారు ఇంద్రాణి వచ్చింది. ఆ గది గడప ఆమె ఎన్నడూ తొక్కలేదు. కుర్చీ వేస్తే కూర్చోకుండా, చాప మీద గోడకు ఆనుకుని కూర్చుంది. కొడుకు పనిచేసే కంపెనీ మూతబడుతోందని, ఇంకో కంపెనీ అతన్ని తీసుకుంటానంటోందని, నెలలోగా ఇద్దరి కాగితాలూ మార్చుకోవాలని చెప్పింది. సింధు పాస్‌పోర్టు లేకపోతే అక్కడ ఉండటానికిచ్చే దాని కార్డు రెన్యువల్ కాదు. కార్డు లేకపోతే బడిలో ఉండనివ్వరు, జ్వరమొచ్చినా ఆస్పత్రిలో ఇన్సూరెన్సు ఉండదు.

"అయితే ఇద్దరూ ఒస్తరు గద అత్తయ్యా" అంది కృష్ణకుమారి. ఆ మాటలో ఆశ ఆమెకే వినిపించింది.

"వస్తాడమ్మా. ఉద్యోగం పోగొట్టుకుని, నీవల్లే పోయిందని మనసులో పెట్టుకుని వస్తాడు. వాడు నా కొడుకు, నాకు తెలుసు. అలా వచ్చినవాడితో నువ్వేం కాపురం చేస్తావు, ఆ పిల్లేం బాగుపడుతుంది?"

బెదిరించడానికి చెప్పినట్టు లేదు. అలసిపోయి చెప్పినట్టుంది. టీ తాగి, గ్లాసు తనే కడిగి బోర్లించి వెళ్లింది.

శుక్రవారం వీడియోలో సింధు కనపడింది. జుట్టు భుజాల దాకా కత్తిరించారు. ఎప్పుడు కత్తిరించారో తల్లికి చెప్పలేదు. బడి ముచ్చట్లు రెండు చెప్పి ఆగిపోయింది. వెనక్కి తిరిగి తలుపు వైపు చూసి, గొంతు తగ్గించింది.

"అమ్మా, నువ్వు సైన్ చెయ్యట్లేదంట కదా?"

"నీకెవరు చెప్పిన్రు బిడ్డా?"

"నాన్న ఫోన్లో అంటుంటే విన్నాను. నువ్వు చెయ్యకపోతే నన్ను అక్కడికి పంపించేస్తారా?"

'నీ దగ్గరికి వస్తానా' అని అడుగుతుందని కృష్ణకుమారి ఎన్ని రాత్రులు ఊహించుకుందో. 'పంపించేస్తారా' అంది పిల్ల. తప్పు చేసిన పిల్లల్ని ఎక్కడికో పంపించేస్తారు కదా, ఆ మాట. పిల్ల కళ్లలో భయం ఉంది, ఆ భయం తండ్రివల్ల వచ్చింది కాదు. ఇప్పుడు ఆ పిల్లకు తెలిసిన బడి అదొక్కటే, తెలిసిన మంచం అదొక్కటే.

"నువ్వెందుకు రావు మరి?" అని అడిగింది.

నన్ను రానివ్వలేదని చెప్పడానికి ఒక్క క్షణం చాలు. నాలుక చివరి దాకా వచ్చింది కూడా. "నా కార్డు అయిపోయింది బిడ్డా. మల్ల చేస్తెగాని రారాదు" అని మాత్రం అంది.

"అయితే చేయించుకో" అంది సింధు, అదేమంత పని అన్నట్టు.

ఆ ఆదివారమంతా ఆమె గదిలోంచి బయటికి రాలేదు. సంతకం పెడితే బిడ్డ చేజారినట్టే. పెట్టకపోతే బిడ్డ కింద నేల తనే తవ్వినట్టు. అన్నను అడిగితే ఒక మాట, అత్తను అడిగితే ఒక మాట. పిల్లను అడగడమూ తప్పే, అంత బరువు దాని నెత్తిన పెట్టకూడదు. చివరికి ఎవరినీ అడగలేదు. సోమవారం షాపుకు సెలవు పెట్టి ఒక్కతే కోర్టు దగ్గరికి వెళ్లింది.

సంతకం పెడతానని చెప్పగానే రామమోహనరావు కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. చేజేతులా బలం పోగొట్టుకుంటున్నావు, రేపు ఏడిస్తే నేనేమీ చేయలేనని కసిరాడు. ఆమె నిలబడే విన్నది.

"పిల్ల కాయితంతోని కొట్లాడ సార్. ఆయనతోనే కొట్లాడుత. ఈ సంతకం ఎట్లనో, కేసు సంతకం గూడ గియ్యాల్నే పెడత. రెండు తయారు చెయ్యుండ్రి."

ఆయన అభ్యంతరాలు ఇంకా చెప్పబోయి మానుకున్నాడు. కోర్టు గోడ పక్కన గొడుగు కింద కూర్చున్న నోటరీ ముందు ఆమె మొదటి సంతకం చేసింది. తన కూతురికి పాస్‌పోర్టు ఇవ్వడానికి అభ్యంతరం లేదన్న ఆ కాగితాన్ని రెండుసార్లు చదువుకుని మరీ చేసింది. మధ్యాహ్నం వకీలు ఆఫీసులో, కూతురిని చూసే హక్కు కోసం, తన దగ్గర ఉంచుకునే హక్కు కోసం, రెండో సంతకం. కొరియర్ రసీదు ఫొటో తీసి గౌతమ్‌కు పంపింది. చేతులు జోడించిన బొమ్మ ఒకటి తిరిగి వచ్చింది.

కోర్టు నోటీసు అందిన రోజు వేరే జవాబు వచ్చింది. ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో కొడతావా అని అరిచాడు. ఆ శుక్రవారం కాల్ రాలేదు. ఆ తర్వాతా రాలేదు. చేస్తే ఎత్తలేదు. వకీలు చెప్పిందే నిజమైందని, పాస్‌పోర్టూ పోయింది పిల్లా పోయిందని మహిపాల్ ఆమెతో మాట్లాడటం తగ్గించాడు. వదిన ఒకసారి పలకరించి వెళ్లింది. కృష్ణకుమారి పనికి వెళ్లేది, మగ్గం ముందు కూర్చునేది. కుట్టిన పూలే మళ్లీ విప్పాల్సి వచ్చేది. తను చేసింది మంచితనమో చేతకానితనమో ఆ రోజుల్లో ఆమెకే తెలియలేదు.

అనుకోని దారి ఇంద్రాణి తెరిచింది. ఒక ఆదివారం ఇంటికి రమ్మని కబురు చేసింది. వెళ్తే, తన ఫోన్లో మనవరాలికి వీడియో కలిపి, ఫోన్ కోడలి చేతికిచ్చి వంటింట్లోకి వెళ్లిపోయింది. అవతల సింధు కాసేపు తెల్లబోయి, "నువ్వు నానమ్మ ఇంట్లో ఉన్నావా!" అంది. అప్పటినుంచి ప్రతి ఆదివారం అదే పద్ధతి. కొడుక్కి చెప్పే చేస్తోందో, చాటుగా చేస్తోందో కృష్ణకుమారి అడగలేదు.

కేసు మధ్యవర్తుల దగ్గరికి వెళ్లింది. గౌతమ్ తెరమీద కనపడ్డాడు. కొత్త ఉద్యోగం కుదిరినట్టుంది, మెడలో కంపెనీ ట్యాగు వేలాడుతోంది. గంటలకొద్దీ వాదించాక, వేసవి సెలవుల్లో మూడు వారాలు పిల్లను తల్లి దగ్గర ఉంచడానికి ఒప్పుకున్నాడు. ఆమె వీసా సంగతి అడిగితే ఆలోచిస్తానన్నాడు.

మే నెలలో ఇంద్రాణి వెళ్లి సింధును తీసుకొచ్చింది. ఎల్బీనగర్ గది చూసి పిల్ల గుమ్మంలోనే ఆగింది. మొదటి రెండు రోజులు 'బాత్రూంకి వెళ్లొచ్చా' అని కూడా అడిగి వెళ్లింది. కూరలో కారం తగిలితే నోరు మూసుకుని నీళ్లు తాగింది, చెప్పలేదు. పరాయి ఇంట్లో పిల్లలు ఉండే తీరు అది. కృష్ణకుమారి చూస్తూ ఊరుకుంది. నాలుగో రోజు ఏదో మాటకు విసుక్కుని, "అబ్బా, నీకు చెప్తే అర్థం కాదమ్మా" అంది సింధు. ఆ విసుగుకు తల్లి ప్రాణం లేచొచ్చింది. ఆ తర్వాతి రోజుల్లో షాపుకు తీసుకెళ్లి సూది పట్టించింది. ఇద్దరూ నాగోల్ దాకా మెట్రోలో ఊరికే వెళ్లొచ్చారు.

చివరి వారంలో మహిపాల్ వచ్చాడు. సింధు వినకుండా చెల్లెల్ని బయటికి పిలిచాడు. పాస్‌పోర్టు నీ ఇంట్లోనే ఉంది గద, దాచిపెట్టు, ఎట్ల పోతదో చూద్దామన్నాడు. పిల్ల స్నానానికి వెళ్లినప్పుడు ఆమె సంచిలోంచి ఆ పుస్తకం తీసింది. కొత్త వాసన ఇంకా పోలేదు. చివరి పేజీలో తల్లి పేరు దగ్గర తన పేరుంది. దాన్ని బియ్యం డబ్బాలోకి తోసి మూత పెట్టింది. నీళ్ల చప్పుడు ఆగేదాకా ఆ డబ్బా పక్కనే నిలబడింది. ఆగగానే మళ్లీ తీసి, అంటిన పిండి తుడిచి, సంచిలో పెట్టేసింది. అన్నకు ఆ సంగతి ఎప్పుడూ చెప్పలేదు.

సింధు వెళ్లిపోయింది. విమానాశ్రయంలో నానమ్మ చేయి పట్టుకునే లోపలికి నడిచింది. ఒకసారి వెనక్కి చూసింది, జనంలో తల్లి కనపడిందో లేదో తెలియదు.

కేసు ఇంకా నడుస్తోంది. వాయిదాకు వెళ్తే ఇంకో వాయిదా ఇస్తున్నారు. శుక్రవారం కాల్స్ మళ్లీ మొదలయ్యాయి, మధ్యమధ్య తప్పుతుంటాయి. ఈ మధ్య కృష్ణకుమారి తన పాస్‌పోర్టు కూడా కొత్తది చేయించుకుంది. దరఖాస్తులో భర్త పేరు అడిగిన చోట కాసేపు ఆగి, గౌతమ్ పేరే రాసింది. వీసా ఎవరు పెడతారో, ఎప్పుడు పెడతారో ఆమెకు తెలియదు.