బ్యాటరీ అడగని కెమెరా

మా అన్న పోయి ఏడాదయింది. వాళ్ళింట్లో గోడ మీద ఆయన కోటు తొడుక్కుని, టై కట్టుకుని, మంచుకొండల ముందు నిలబడి ఉన్నాడు. ఎమ్మిగనూరులో మగ్గం గుంట దిగడం, ఎక్కడం తప్ప వేరే ప్రయాణం ఎరగని మనిషి. చొక్కా పై గుండీ పెట్టుకోగా నేనెప్పుడూ చూడలేదు.

అన్న ఫోటోలన్నీ ఆయన కొడుకు ఫోనులో ఉండేవి. ఆయన పోవడానికి కొన్నాళ్ళ ముందు ఆ ఫోను ఉన్నట్టుండి నల్లబడింది. అంగట్లో అడిగితే బోర్డు పోయింది, ఏమీ రాదు, కొత్తది తీసుకోండి అన్నారట. దినాలకు ఫోటో కావాలి. ఇంట్లో దొరికింది ఆధార్ కార్డు ఒక్కటే. స్టూడియోవాడు అందులోంచి తల కోసి, ఎవరిదో ఒంటికి అతికించి, వెనక మంచు పరిచి ఇచ్చాడు.

"ఆ కడుపెవరిదిరా? మీ నాయనకు ఏపొద్దు ఉండె అంత కడుపు?" అని దండ వేసేటప్పుడే అరిచాను.

"దినం పూట గలాటా ఏల చిన్నాయనా? ఫోటో బాగుండాదని అందరూ అంటాండారు" అన్నాడు అన్న కొడుకు.

అందరూ అన్నది నిజమే. అదే నా బాధ. దండం పెట్టి వచ్చేశాను. ఎవరి ఒంటికి పెట్టానో తెలియదు.

ఇంటికొచ్చి నా భార్య ఫోటో ఏదైనా ఉందా అని వెతికాను. పెళ్ళి ఫోటోను ఎప్పుడో చెదలు తినేశాయి. మిగిలింది ఆమె ఆధార్ కార్డే. అందులో ఆమె ఎవరినో పొడిచి పట్టుబడినదానిలా చూస్తోంది. ఈమెను మాత్రం ఇంకొకరి ఒంటికి అతకనివ్వకూడదు అనుకున్నాను. రీలు వేసే పాత కెమెరా కొని, నేనే తీసి, కాగితం మీద వేయించి పెట్టాలి.

చెబితే ఆమె నూలు కండెలు చుట్టే రాట్నం ఆపి నవ్వింది. "నేనింకా బతికే ఉండా. అప్పుడే దండకు కొలతలు తీస్తాండావా?"

"దండకు కాదు."

"మరి దేనికి? ఈ మొగం సూసి ఇప్పుడెవరు సంబంధం తెస్తారంట? నేను కూసోను పో."

నేను బడికి పోయింది తక్కువ. చదివిందంతా పాత కాగితాల అంగట్లో తూకానికి కొన్న పుస్తకాలే. అందులో అట్ట ఊడిన ఫోటోగ్రఫీ పుస్తకం ఒకటి. ఎండను కళ్ళతోనే అంచనా కట్టి ఎంత వేగంతో ఫోటో కొట్టాలో, పాత కెమెరాను ఎట్లా పరీక్షించాలో మగ్గం మీద కూర్చునే చదువుకున్నాను. ఇన్నేళ్ళకు అది పనికొచ్చింది.

ఆదోనిలో గడియారాలు బాగుచేసే ఒకాయన దగ్గర పాత కెమెరాలు ఉంటాయని విని బస్సెక్కాను. దారి పొడుగునా ముందర పత్తి లారీలు. దిగేసరికి మోకాళ్ళు నావి కాకుండా పోయాయి. ఆ గడియారాల ఆయన ఒకప్పుడు పెళ్ళి ఫోటోలు తీసేవాడు. అంగడి వెనక గదిలో ఇప్పటికీ ఎవరైనా తెస్తే రీళ్ళు కడుగుతాడు. నా సంగతి విని, ముందు నిగనిగలాడేదాన్ని చేతికిచ్చాడు.

"బ్యాటరీ తీసి కొట్టు భాయ్" అన్నాను.

తీసి నొక్కాడు. ఉలకలేదు.

"దీని బ్యాటరీ యాడ దొరుకుతాది?"

"యాడా దొరకదన్నా. నా దగ్గర ఇదొకటే ఉండాది."

"అయితే ఇదీ ఫోనే. పక్కన పెట్టు."

రెండోదాని షట్టర్, అంటే వెలుగును ఆపే లోపలి తెర, గుడ్డది, రబ్బరు పూసిన సన్నని పట్టు. వెనక మూత తీసి ఎండకు పట్టి చూస్తే సూదిమొనలంత వెలుగులు కనిపించాయి. జీవితమంతా గుడ్డ నేసినవాణ్ణి. మడత పడే చోట పట్టు ఎంతకాలం ఓర్చుకుంటుందో నా వేళ్ళకు తెలుసు. వద్దన్నాను.

"నేసేటోడివై ఉండి గుడ్డనే నమ్మకపోతే ఎట్లన్నా!" అని ఆయన పగలబడి నవ్వాడు.

మూడోదానికి ఒక మూల సొట్ట. నల్లరంగు లేచి ఇత్తడి బయటపడింది. బ్యాటరీ పెట్టే చోటే లేదు. షట్టర్ సన్నని ఉక్కు రేకులది. ఒక్కో వేగం మీదా చెవికి ఆనించుకుని కొట్టి చూశాను. ఒక సెకను మీద పెడితే లోపలి పళ్ళచక్రాలు గుర్రుమని తిరిగి టక్కుమని ఆగాయి. టార్చి వేసి చూస్తే లెన్సులో బూజు లేదు, దూది పోగు ఒకటుంది. "ఆదోనిలో దూది దూరని సామాను యాడుందన్నా?" అన్నాడాయన. అదే కొన్నాను. హైదరాబాదు నుంచి తెప్పించి పెట్టుకున్న రీళ్ళు కూడా ఆయనే ఇచ్చాడు.

ఇంటికొచ్చి, రీలు వేయకముందు ఆ గుర్రు చప్పుడు మళ్ళీ మళ్ళీ విని, పక్కన పెట్టి పడుకున్నాను. మా నేతోళ్ళ ఇళ్ళలో ఒక పద్ధతి ఉంది. మగ్గం కిర్రుమన్న చప్పుడు ఎవరి చెవిన పడితే వాళ్ళు లేచి నూనె చుక్క వేయాలి. ఒకరినొకరు అడగరు. పొద్దున నేను లేచి చూస్తే కెమెరా పక్కన నూనె డబ్బా ఉంది.

"ఏం చేసినావు?"

"అది ఏడుస్తాండె. ఆ మీట కదిలే సందులో రవ్వంత ఏసినా."

"ఏం నూనె?"

"ఏం నూనేంది? మగ్గం నాడెకు ఏసేదే."

నొక్కాను. రేకులు తెరుచుకున్నాయి, మూసుకోలేదు. నలభై ఏళ్ళుగా నా మగ్గానికి అట్లాగే నూనె వేసిన చెయ్యి అది. ఏమని అరవాలి?

మరునాడు మళ్ళీ అదే బస్సు. చెడగొట్టింది నేను కదా అని ఆమె కూడా వచ్చింది.

"ఏమమ్మా, మగ్గమనుకుంటివా?" అన్నాడు గడియారాల ఆయన.

"మగ్గమైతే నూనె తాగి గమ్మున పని చేస్తుండె" అందామె.

ఆయన మరలు విప్పి, రేకులను పెట్రోలులో కడిగి, ఆరబెట్టి, మళ్ళీ బిగించాడు. నొక్కితే టక్కుమంది. మా అన్న ఫోటోలు మింగిన ఫోను గుర్తొచ్చింది. దాన్ని ఎవరూ విప్పి చూడను కూడా లేదు.

రీలు వేయించుకుని బయటికి వచ్చాం. ఆమె అంగడి మెట్టు మీద కూర్చుంది. "ఈడనే తీయి. ఇంటికి పోతే నాకు మనసు మారుతాది." తల దువ్వుకోలేదు. నేను నీడను అంచనా కడుతూ, దూరం సరిచేసుకుంటూ ఉంటే విసుక్కుంది. "బిరీన కానీయయ్యా, నడుము నొస్తాంది." ఆ మాట మధ్యలోనే కొట్టాను.

"నా పని అయిపాయ. నీది ఎవరు తీయాల? ఇట్లియ్యి" అని కెమెరా లాక్కుంది. చూపు ఆనక, దగ్గర దగ్గరకు వచ్చి నొక్కింది.

మిగతా రీలు మగ్గం మీద, మేకల మీద అయిపోయాక కడిగించాను. ఆమె ఫోటోలో నోరు తెరిచి నన్ను తిడుతోంది. జుట్టులో దూది. కూర్చున్న ఒళ్ళు, ఆ విసుగు, అన్నీ ఆమెవే. చాలాసేపు చూశాను. దగ్గరగా తీస్తే చూసే అద్దం ఒక ఎత్తున, లెన్సు ఒక ఎత్తున చూస్తాయని ఆమెకు చెప్పడం మరిచాను. నా ఫోటోలో ముక్కు దాకా వచ్చింది. దాని పైన నేను లేను.

ఆమె దాన్ని వెలుతురుకు పట్టి చూసి, "ఏం కాదులే. తల ఆధార్ కార్డులో ఉండాది కదా" అంది.

కొత్త రీలు వేశాను. ఈసారి నన్ను తీసేటప్పుడు ఆమెను నాలుగడుగులు వెనక్కి నిలబెట్టాలి. చెబితే వినదు.